సోహో టంకసాలయు పేదవాని రాగికాసును

నాణెము ప్రతిదినము మన చేతులలో తిరుగు వస్తువు. దానిని లెక్కపెట్టనివారు లేరు. దాని చరిత్రము నాలోచించువారు మాత్రము మిక్కిలి యరుదు. నాణెములు కొట్టుట రాజుల యధికారమనియు, అందు ప్రజల ప్రసక్తి లేదనియు సామాన్యముగా నందఱును తలంతురు. అయినను ఇంగ్లండు దేశమున బర్మింగుహాము పట్టణముచెంత నొక వర్తకుడు తన సొంత ధనముతో టంకసాల కట్టించి, కోరినవారి కెల్ల కోరిన నాణెములు కొట్టి యిచ్చి, తుదకు తన రాజునకు సైతము నాణెములు చేసి యిచ్చెను. వానిలో గొన్ని సముద్రము దాటి మన తెలుగు జిల్లాలకును వచ్చినవి. ఆ వృత్తాంతమును చెప్పి, దానిని గూర్చిన మా యభిప్రాయమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును విన్నవింపదలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పుట మేలు. నాణెమునకు విలువ నిచ్చునది ముద్ర యొక్కటియే కాదు. తప్పని తూకము, చెదరని యచ్చు, దానికి పూచీపడువాడు, ఈ మూడును కలిసిననే నాణెము నాణెమగును. ఒక రాజ్యము న్యాయమైనదో కాదో తెలిసికొన గోరువారు దాని బంగారు నాణెమును చూడనక్కఱలేదు. దాని రాగికాసును చూడవలెను. ఏలయన బంగారము ధనవంతుని పెట్టెలో నుండును. రాగి కూలివాని కొంగున నుండును.

పదునెనిమిదవ శతాబ్దము కడపట ఇంగ్లండు రాజ్యము ఈ పరీక్షయందు తప్పినదని చెప్పక తప్పదు. లండను కోటలోని రాజటంకసాల బంగారము, వెండి నాణెములయందే శ్రద్ధ వహించి రాగిని నీచముగా చూచుచుండెను. 1775వ సంవత్సరము తరువాత దేశములోని వాడుకకై రాగి నాణెములను కొట్టుటయే మానివేసెను. ఆ కాలముననే పల్లెలు విడిచి కర్మశాలలకు వచ్చిన పనివాండ్రు వేలకు వేలుగా పెరుగుచుండిరి. వారికి వారమువారము కూలి యియ్యవలెను. రొట్టెయు కొవ్వొత్తియు కొనుటకు చిల్లర కావలెను. మంచి నాణెము లేనిచోట చెడ్డ నాణెము ప్రబలుట సహజము. నేలమాళిగలలో దొంగ కమ్మటీండ్రు పలుచని రాగిబిళ్ళలు కొట్టి దేశమెల్ల నింపిరి. తాను ప్రయాణము చేయునపుడు దారిసుంకపు గేట్లయొద్ద తనకు వచ్చు చిల్లరలో మూడింట రెండు వంతులు దొంగనాణెములేయని మాథ్యూ బౌల్టను అను వర్తకుడు 1789లో నొక ప్రభువునకు వ్రాసెను. అంతకంటె ఘోరమైన సంగతి యొకటి యా లేఖలోనే కలదు. నీచులైన కొందఱు యజమానులు ఇరువది షిల్లింగు లిచ్చి ముప్పదియాఱు షిల్లింగుల ముఖవిలువగల దొంగనాణెములను కొని, వానినే నిండువిలువకు పనివాండ్రకు కూలిగా నిచ్చుచుండిరట. దినమంతయు చెమటోడ్చినవాడు సాయంకాలము చెల్లని కాసులతో నింటికి పోవుట! దొంగనాణెము లోహముపైని చేసిన తప్పుగా పైకి కనబడును. నిజమున కది కూలివాని కంచములో చేయిపెట్టిన దొంగతనము.

ఆ దొంగనాణెములకు పేరుపడిన పట్టణము బర్మింగుహామే. అచ్చట గుండీలు, బకిలీలు, చిన్నచిన్న లోహపు సామానులు చేయు పనివాండ్రు మెండు. రేకు సాగగొట్టుట, బిళ్ళ కత్తిరించుట, అచ్చొత్తుట వారికి వెన్నతోబెట్టిన విద్య. గుండీని చేయు చేయి కాసును చేయలేదా? ఆ విద్యయే కొందఱిని దొంగలుగా చేసినది. ఆ విద్యయే ఆ యూరివాడైన బౌల్టనును కీర్తిమంతునిగా చేసినది. నేర్పు ఒక్కటియే, దాని నుపయోగించు బుద్ధి వేఱు. మా పాఠశాలలో విద్య నేర్చు బాలురు ఈ యొక్క సంగతిని మనస్సున నిలుపుకొందురుగాక.

బౌల్టను 1728లో జన్మించెను. అతని తండ్రియు చిన్నలోహపు సామానుల వ్యాపారియే. కుమారుడు బర్మింగుహామునకు వెలుపల సోహో యను చోట గొప్ప కర్మశాలను కట్టెను. 1775లో ఆవిరియంత్రమును చక్కజేసిన జేమ్సు వాట్టుతో భాగస్వామి యయ్యెను. వీరి యంత్రములు కార్నువాలు సీమలోని గనులలో నీళ్ళు తోడుచుండగా బౌల్టనునకు రాగి వ్యాపారమునందును సంబంధము కలిగెను. కనుక అతడు కేవలము పరోపకారమునకే టంకసాల పెట్టెనని మేము చెప్పము. రాగి యమ్ముడుపోవుట యతనికి లాభమే. కాని లాభమును గోరుట వేఱు, తూకము తగ్గించి లాభమును గోరుట వేఱు. మొదటిది వర్తకము, రెండవది దొంగతనము. బౌల్టను మొదటి మార్గమున నడచెను.

సోహో టంకసాల 1788లో నేర్పడెను. అంతకుముందు నాణెములను కొట్టుటకు మనుష్యులు పెద్ద మరయంత్రపు చేతులను బలముకొలది త్రిప్పవలసియుండెను. చేయి యలసిన కొలది అచ్చు పలుచబడుచుండెను. బౌల్టను ఆ యంత్రములకు ఆవిరిని పూన్చి 1790లో హక్కుపత్రమును పొందెను. ఆవిరి యలసిపోదు, మొదటి దెబ్బయెంతో వేయవ దెబ్బయు నంతే. రాగిని రేకులుగా సాగదీసి, రేకుల నుండి బిళ్ళలను కత్తిరించి, ప్రతి బిళ్ళను ఉక్కుకట్టులో నిలిపి రెండువైపుల నొక్కసారిగా అచ్చొత్తుదురు. ఉక్కుకట్టు చుట్టును పట్టియుండుటచే లోహము పక్కకు జరుగక ప్రతి నాణెమును ఒకే గుండ్రనను, ఒకే కొలతను పొందును. అంచు తఱిగిన కాసును, పోతపోసిన కాసును దానిపక్క నుంచిన చాలు. తేడా పసిబాలునికైనను తెలియును. దొంగను పట్టుకొనుటకు రాజభటునికంటె ముందు బేరమాడు ముసలమ్మయే చాలునన్నమాట. ఇదియే యా యంత్రముయొక్క గొప్పతనమని మా తలంపు.

ఆ కాలపు వైద్యుడును కవియునైన ఎరాస్మసు డార్విను 1791లో ప్రకటించిన గ్రంథమున నీ యంత్రమును వర్ణించుచు, పదేండ్లు పండ్రెండేండ్ల బాలురు నలుగురు దానితో గంటకు ముప్పదివేల బంగారు గినీలను కొట్టగలరనియు, కొట్టిన నాణెముల లెక్కను యంత్రమే తప్పకుండ చూపుననియు వ్రాసెను. అతడు దానిని మెచ్చుకొని వ్రాసెను. మేము మాత్రము ఆ వాక్యమునొద్ద నొక క్షణము నిలువవలసియున్నది. మా రెండవ ఫారములోని బాలుర వయస్సు అంతియే కదా! ఆవిరి పెద్దల భుజముల బరువును దింపిన మాట నిజమే; కాని పలకా బలపము పట్టవలసిన చేతులకు రాగిబిళ్ళల నందించు పని తగిలించుట మెచ్చదగినది కాదు. సోహోలో రోగులైన పనివాండ్రకు సాయముచేయు నిధి యొకటి యుండెను. అది బౌల్టనునకు మంచిపేరే. అయినను గొప్పవాని గొప్పతనమును చెప్పునపుడు ఆ గొప్పతనము క్రింద నలిగిన చిన్నవారిని మఱచుట చరిత్రము వ్రాయు పద్ధతి కాదు.

టంకసాల సిద్ధమైనది గాని ప్రభుత్వము వెంటనే పని యియ్యలేదు. రాజటంకసాలలోని పూర్వపు పనివారు తమ హక్కు పోవునని యడ్డుపడుచుండిరి. అట్లు దాదాపు పదియేండ్లు గడచినవి. ఈ పదియేండ్లలో సోహో టంకసాల బ్రదికినది పరుల కోరికపై చేసిన నాణెములవలననే. గనులవారును, ఇనుప వర్తకులును, అంగళ్ళవారును తమ పేరులతో బిళ్ళలు కొట్టించుకొనిరి. ఫ్రాన్సు దేశపు మొన్నెరాను సోదరులు 1791, 1792 సంవత్సరములలో తమ పేర నాణెములు చేయించిరి. ఆ దేశపు ప్రభుత్వము 1792లోనే ప్రైవేటు నాణెములను నిషేధించెను. బెర్ముడా దీవులకు 1793లో పెన్నీలు పోయినవి. దాసత్వమునుండి విడుదలపొందినవారి నివాసమునకై యేర్పడిన సియెఱ్ఱా లియోను కంపెనీకి 1791వ సంవత్సరపు ముద్రతో నాణెములు చేయబడినవి. వానిమీద నొకవైపు సింహమును, వేఱొకవైపు కలిసియున్న రెండు చేతులును గలవు. మనుష్యుని సరకుగా నమ్ముకొను ఆ కాలమున ఆ చేతులు చిన్న రాగిబిళ్ళమీదనైనను ఒక పెద్దమాట చెప్పినవని మేము తలంతుము.

ఇక మన దేశపు సంగతి. తూర్పు ఇండియా కంపెనీవారు సోహో టంకసాలకు ముఖ్యులైన ఖాతాదారులు. బొంబాయి రాజధానికి 1791వ సంవత్సరపు రాగి పైసలు అచ్చటినుండియే వచ్చినవి. తరువాత 1794వ సంవత్సరపు ముద్రతో ఉత్తర సర్కారులకొఱకు, అనగా శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, కొండపల్లి, గుంటూరు ప్రాంతములకొఱకు, రాగి నాణెములు చేయబడినవి. పెద్దది రూపాయికి 48, చిన్నది రూపాయికి 96. ఆ లెక్క నాణెముమీదనే అంకెలతో చెక్కబడియున్నది. ఒకవైపు కంపెనీవారి బిరుదుచిహ్నము, రెండవవైపు వారి సరకుమూటలమీద వేయు గుర్తు. ఇట్టి రాగి నాణెమునకే మన ప్రాంతమున డబ్బు అని పేరు. ఒక చిన్న రాగినాణెముపేరు కాలక్రమమున ధనమంతటికి పేరై నిలిచినది. తెలుగువాడు నేడు కోట్ల రూపాయలను సైతము డబ్బనియే పిలుచును. పేదవాని కాసు మన భాషలో గెలిచినదని చెప్పవచ్చును.

అయినను ఆ నాణెములపై మాకొక యాక్షేపణ కలదు. గోదావరి గట్టున కూరగాయ లమ్ముకొను స్త్రీ చేతికి వచ్చిన యా కాసుమీద ఇంగ్లీషును లాటినును గలవు గాని తెలుగక్షర మొక్కటియు లేదు. 1803, 1808 సంవత్సరముల ముద్రతో చెన్నపట్టణపు రాజధానికై సోహోలో చేసిన పది కాసుల, ఇరువది కాసుల నాణెములమీద ఇంగ్లీషుతోపాటు పారసీకము గలదు. తెలుగు, అఱవము లేవు. కాని చెన్నపట్టణపు టంకసాలలో ఆ కాలముననే కొట్టిన అర వరహా, కాలు వరహా వెండి నాణెములమీద గుడిగోపురమును, విష్ణుమూర్తియు, తెలుగు, అఱవ లిపులును గలవు. దగ్గఱ నున్నవానికి ప్రజల భాష జ్ఞాపకమునకు వచ్చినది. దూరమున నున్నవానికి రాలేదు. యంత్రము మంచిదైనంత మాత్రాన పని పూర్తి కాలేదు. ఏ ప్రజలకొఱకు నాణెము చేయుదుమో ఆ ప్రజలు దానిని చదువగలుగుట వారి హక్కు.

ఆ 1808వ సంవత్సరపు కాసులకు సంబంధించిన కథ యొకటి విద్యార్థులకు రుచించును. చెన్నపట్టణమునకు రావలసిన కాసులతో అడ్మిరలు గార్డ్నరు అను ఓడ 1809 జనవరి నెలలో బయలుదేఱి, ఇంగ్లండు తీరము దాటకమునుపే గుడ్విను ఇసుకతిన్నెలపై తుపానులో మునిగిపోయెను. లక్షలకొలది రాగికాసులు ఇసుకలో పూడిపోయినవి. దాదాపు నూటడెబ్బదియైదేండ్లకు, 1980వ సంవత్సరపు తరువాతి దశకమున, వానిలో పెక్కింటిని వెలికిదీసిరి. మన తాతముత్తాతల కొంగులలో ముడివడవలసిన కాసులు నేడు నాణెములు సేకరించువారి పెట్టెలలో నున్నవి. ఓడ మునిగిన యా యేడే ఆగస్టు నెలలో బౌల్టనును మరణించెను.

ఇంతకుముందే, 1797లో, బౌల్టను కోరిక నెఱవేఱినది. రాజు మూడవ జార్జి పేర పెన్నీలను, రెండు పెన్నీల నాణెములను కొట్టుటకు ప్రభుత్వ మతనితో నొడంబడిక చేసికొనెను. పెన్నీ సరిగా ఒక ఔన్సు తూగును. అనగా మన తూకమున దాదాపు రెండున్నర తులములు. రెండు పెన్నీల నాణెము రెండు ఔన్సులు. వెడల్పైన అంచుగల ఆ పెద్ద బిళ్ళలకు జనులు బండిచక్రములని పేరుపెట్టిరి. ముఖవిలువకు తగిన లోహమును నాణెములోనే యుంచవలెనని బౌల్టను సంకల్పము. పదియాఱు పెన్నీలు కలిసిన ఒక పౌను. నాణెమే తూనికరాయి యైనది!

ఆ సంకల్పము గొప్పదే కాని నిలువలేదు. కొలదికాలమునకే రాగి ధర హెచ్చినది. నాణెముకంటె దానిలోని రాగియే విలువగలదగుచుండగా కరగించువారు బయలుదేఱిరి. 1799లో చేసిన అరపెన్నీలను తూకము తగ్గించియే చేయవలసివచ్చెను. దొంగ కమ్మటీండ్రు బండిచక్రములను సైతము తేలికచేసి యనుకరించిరి. దీనివలన మనము నేర్చుకొనవలసినదేమి? లోహమును నమ్మిన చాలదు. లోహము ధర సంతలో మాఱును. యంత్రమును నమ్మిన చాలదు. యంత్రమును దొంగయు కొనగలడు. నేడు మన చేతిలోని రూపాయి బిళ్ళకు విలువ దానిలోని లోహమువలన కలిగినది కాదు. ఎవడో యొకడు, ఈ నాణెమునకు నేను పూచీ యని నిలువబడవలెను. ఆ నిలువబడుటయే రాజ్యాధికారముయొక్క సారము.

కావున ప్రైవేటు టంకసాలలు ఉండవచ్చునా యను ప్రశ్నకు మా సమాధానమిది: చేతిపని ప్రైవేటువానిదిగా నుండవచ్చును, పూచీ మాత్రము ప్రజలందఱి పక్షమున ప్రభుత్వమే వహింపవలెను. అంగడివాడు తన పేర కొట్టించిన బిళ్ళ అతని యంగడి యున్నంతవఱకే చెల్లును. కూలిని ఆ బిళ్ళలతో చెల్లించినచో కూలివాడు ఆ యంగడికే పోయి, ఆ యంగడివాడు చెప్పిన ధరకే కొనవలసినవాడగును. కనుకనే 1817లో ఇంగ్లండు పార్లమెంటు వర్తకుల రాగిబిళ్ళలను నిషేధించెను. ఇది వర్తకుల స్వాతంత్ర్యమును హరించుట యని కొందఱనవచ్చును. కూలివాడు తన కూలిని తన యిష్టము వచ్చినచోట వెచ్చించు స్వాతంత్ర్యము అంతకంటె చిన్నది కాదని మా మనవి.

సోహోవారి విద్య మాత్రము నిషేధింపబడలేదు. అది లోకమెల్ల వ్యాపించినది. లండనులో టవరు గుట్టపై కట్టిన క్రొత్త రాజటంకసాలకు బౌల్టను యంత్రములే యమర్చిరి. రష్యా రాజధానికిని, కోపెనుహాగనునకును అవియే పోయినవి. కలకత్తాలో 1829లో తెఱచిన టంకసాలకును సోహోనుండియే యంత్రములు వచ్చినవి. 1850లో సోహో టంకసాల సామానులను వేలము వేయగా బర్మింగుహాము నివాసియగు రాల్ఫు హీటను కొన్ని యంత్రములను కొని తన టంకసాలను వృద్ధిచేసెను. ఆ సంస్థ యెన్నియో దేశములకు నాణెములు కొట్టి యిచ్చి 2003లో మూతపడెను. 2011లో ఇంగ్లండు బ్యాంకువారు బౌల్టను, వాట్టుల చిత్తరువులతో ఏబది పౌనుల కాగితపు నోటును వెలువరించిరి; 2022లో అదియు చెలామణినుండి తొలగెను. నాణెపు కీర్తిని పొందినవానిని కాగితముపై నుంచుట, ఆ కాగితము పోయి ప్లాస్టికు నోటు వచ్చుట, కాలముయొక్క వింత.

నేడు మన దేశమున నాణెములు కొట్టునవి ముంబయి, కలకత్తా, హైదరాబాదు, నోయిడాలలోని ప్రభుత్వ టంకసాలలే. వీనిలో హైదరాబాదునందలిది మన తెలుగు గడ్డపైననే, చర్లపల్లిలో నున్నది. ప్రభుత్వపు టంకసాలలు తప్ప నితరులు ధనముగా చెల్లుటకై లోహపు బిళ్ళలను చేయరాదని 2011వ సంవత్సరపు నాణెముల చట్టము విధించుచున్నది. అయితే పతకములును, జ్ఞాపక బిళ్ళలును చేయు ప్రైవేటు పనివారు పెక్కురు కలరు. సంఘములు, విద్యాలయములు, కుటుంబములు తమ తమ యుత్సవములకు వానిని చేయించుకొనుచున్నవి. ఇందు తప్పులేదు. కాని చేయించువారు సోహో కథనుండి మూడు సంగతులు గ్రహింపవలెనని కోరుచున్నాము. బిళ్ళమీద వెండియని వ్రాసిన లోపలను వెండియే యుండవలెను. అది నాణెమని భ్రమ గొలుపరాదు. అది తెలుగు బాలుని కిచ్చునదైనచో దానిమీద తెలుగక్షరములు నాలుగైన నుండవలెను.

విద్యార్థులారా! మీరును త్వరలో ఈ పాఠశాల ముద్రను ధరించి లోకమున చెలామణికి పోవువారు. పత్రముపై ముద్ర వేయువారు మేము. ఆ ముద్రకు తగిన తూకమును సంపాదించుకొనవలసినవారు మీరు. ముద్ర గొప్పదై తూకము తక్కువైనచో సంతలో మొదటి ముసలమ్మయే మిమ్ము పక్కకు నెట్టును. ముద్ర చిన్నదైనను తూకము సరియైనచో ఎచ్చట బేరమునకు పెట్టినను మీరు చెల్లుదురు. తలిదండ్రులకు మా విన్నపమొక్కటే: మీ బాలుడు తెచ్చిన మార్కులను చూచునపుడు, అవి వాని చేతిపనియో కాదో కూడ నొకసారి తూచి చూడుడు. రాగిని తూచుట యెఱిగిన యింట మనుష్యుని తూచుటయు తెలియును.